ఎండకి పట్టిన గొడుగులు

గొడుగులు బాగుచేసే ఆయన చేతిలో పడ్డ గొడుగు మళ్ళీ కారిందంటే ఒట్టు. ఊళ్ళో ఆయనకున్న పరువల్లా అదే. చిక్కేమిటంటే, కొన్నేళ్ళుగా వానలు మొహం చాటేశాయి. ఇచ్చినవాళ్ళు ఇచ్చినట్టే మరిచిపోయారు. కొట్టు నిండా గొడుగులే, చోటు చాలక పాపం ఆయన గుమ్మంలో కూర్చునేవాడు.

ఆయన భార్యది సముద్రం ఒడ్డున తాబేలు గుడ్లు కాపాడే ఉద్యోగం. గుడ్లని కంచెలోపల ఇసుకలో పాతి, పిల్లలు బయటికొచ్చేదాకా రెండు నెలలూ కంటికి రెప్పలా చూసుకుంటుంది. ఇసుక మరీ కాలితే గుడ్లలో ఉన్నవన్నీ ఆడపిల్లలే అవుతాయి, కాస్త చల్లగా ఉంటేనే మగవి. ఇసుకలో గుచ్చిన థర్మామీటరేమో ఏటికేడాది పైకే పోతోంది. కొన్నేళ్ళుగా ఆ ఒడ్డున మగపురుగన్నది పుట్టి ఉండదని ఆవిడ బెంగ. ఇలాగే సాగితే రేపు తల్లులుంటాయి, గుడ్లుంటాయి, గుడ్లలో మాత్రం ఏమీ ఉండదు.

కొట్లో ఊరికే పడున్న గొడుగులు తెమ్మంది. పరాయివాళ్ళ వస్తువులు ముట్టనని ఆయన మొండికేశాడు. ఆవిడ మాట్లాడటం మానేసింది. అంతే, మర్నాటికల్లా గుడ్లు పాతిన ప్రతి గూడు మీదా ఒక గొడుగు విచ్చుకుంది, నల్లవీ పూలవీ కుచ్చులవీను. ఊరు విరగబడి నవ్వింది. కానీ థర్మామీటరు దిగింది! ఇక ఆవిడకంటే ఆయనకే ఆత్రం ఎక్కువైంది, లేవగానే వెళ్ళి దాన్ని చూసొస్తేగాని మొహం కడుక్కునేవాడు కాదు.

కొన్ని వారాలు గడిచాయో లేదో పట్టుకుంది వాన. అందరికీ గొడుగులు గుర్తొచ్చేశాయి. జనం కంచె దగ్గరికి వచ్చిపడ్డారు. ఆయన చేతులు బార్లా చాపి అడ్డం నిలబడ్డాడు.

"వానకి ఇసుక ఎలాగూ చల్లబడుతుంది, ఇచ్చెయ్యండి," అంది భార్య. తర్వాత గొంతు తగ్గించింది. "ఎండొస్తే మళ్ళీ తెచ్చిస్తారంటారా?"

ఆయన వంగి గొడుగులు పీకాడు. అలవాటుగా ఒక్కొక్కటీ వెలుగుకి పట్టి చూసి, కిమ్మనకుండా ఇచ్చేశాడు.

నాలుగు రోజులు కురిసి వాన వెలిసింది, ఎండ మళ్ళీ పెళ్ళున కాసింది. కొట్టు తెరిచీ తెరవకముందే పంతులమ్మ గొడుగు తెచ్చి ఆయన ముందు పడేసింది. తల మీద జల్లెడ పెట్టుకున్నా ఇంతకంటే నయమంది. వెనకే ఊరంతా. ఇదేనా నీ పనితనమని తలా ఒక మాటా అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన పడని మాటలవి. చెవులు కాలిపోయాయి. అయినా తలొంచుకుని అన్నీ తీసుకున్నాడు. చిటికెలో అయ్యే అతుకులకి రెండు నెలలు గడువు చెప్పాడు.

గొడుగులు మళ్ళీ గూళ్ళ మీదికెక్కాయి. భార్య ఒకటి ఎత్తి చూసింది. ఎండకి మాడిన గుడ్డలోంచి ఆకాశం చుక్కలు చుక్కలుగా కనబడింది.

"ఇచ్చేటప్పుడే చూశారు కదూ?"

"చూశాను."

"మరి చెప్పరేం?"

"మంచి గొడుగు పట్టుకెళ్ళినవాడు మళ్ళీ నా మొహం చూశాడా ఎప్పుడైనా?"

ఆవిడ ఆ గొడుగుని గూటి మీద జాగ్రత్తగా తిరిగి పెట్టింది. వంగి థర్మామీటరు చూసి, అప్పుడే ఒక గీత దిగిందండీ అంది.