ముందే వేసిన గీత

మా అక్క మొగుడు జన్మలో ఒక్క డిటెక్టర్ మీద చేయి వేసిన పాపాన పోలేదు. అయినా రెండు పరమాణు కేంద్రకాలు ఢీకొని అతుక్కుని ఒక బరువైన కేంద్రకం కావాలంటే ఏ శక్తితో కొట్టాలో తన మోడల్ చెబుతుందంటాడు. గీత గీయడం ఆయన పని. అది నిజమో కాదో యంత్రం దగ్గర నిలబడి కొలవడం నా పని. ఇద్దరం ఒకే ప్రయోగశాలలో పడటం నా ఖర్మ.

ఆయన మోడల్లో ‘రాపిడి’ అని ఒక అంకె ఉంది. దాన్ని కాస్త తిప్పితే గీత ఎటు కావాలంటే అటు వంగుతుంది. నా కొలతలు సోమవారం అందితే, మంగళవారానికల్లా గీత సరిగ్గా వాటి మీదుగా పోతుంది. “ముందే చెప్పాను కదమ్మాయ్” అంటాడు. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్లను చాలామందిని చూశాను. ఆ ఎండ కూడా తన గొడుగు వల్లే కాసిందనే మనిషిని ఈయన్నొక్కణ్ణే చూశాను.

ఈసారీ సోమవారమే ఇచ్చాను. బుధవారం నా తప్పు నాకే దొరికింది. మేం కొట్టే లక్ష్యం పల్చటి రేకు మీద పూసిన పూత. యంత్రం వదిలే కిరణపుంజం ముందు ఆ రేకును దాటాలి, దాటుతూ కొంత శక్తి పోగొట్టుకుంటుంది. ఆ పోయినదాన్ని తీసేయడం మరిచాను. నిన్న మొన్న చేరినవాళ్లు కూడా చేయని తప్పు. గ్రాఫు మీద నా కొలతల చుక్కలన్నీ ఐదు యూనిట్లు ఎడమకు, తక్కువ శక్తి వైపు జరగాలి.

గురువారం కమిటీ. ఇంతవరకూ ఎవరూ చూడని బరువైన కేంద్రకం కోసం నాకు ఆరు వారాలు యంత్రం ఇవ్వాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది. మూడేళ్లుగా ఆ ఆరు వారాల కోసమే చూస్తున్నాను. నోరు విప్పితే అవి పోతాయి. విప్పకపోతే, నా తప్పుడు చుక్కలను పట్టుకుని ఆయన మోడల్ చెప్పే తప్పుడు శక్తి దగ్గర ఆరు వారాలూ ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి.

గురువారం కమిటీ ముందు ఆయన తెర మీద గీత వేశాడు. అది నా చుక్కల్లో ఒక్కదాన్నీ వదలకుండా పోయింది.

“ఈ గీత కొలతలకు ఆరు నెలల ముందే వేశాను” అన్నాడు.

అప్పటిదాకా తేలు కుట్టిన దొంగలా కూర్చున్నదాన్ని, ఆ మాటకు లేచాను.

“నా కొలతలు తప్పండి. రేకులో పోయిన శక్తిని తీసేయలేదు, ఐదు యూనిట్లు తేడా. మరి సోమవారం నేను చేసిన తప్పు, ఆరు నెలల కిందటి గీతకు ఎలా తెలిసింది బావగారూ?”

ఆయన మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. కమిటీ అధ్యక్షురాలు కళ్లజోడు తుడుచుకుంది. “ముందు సరిగ్గా కొలవండి. ఆరు వారాల సంగతి వచ్చే ఏడు చూద్దాం” అంది నాతో. ఆయన్ను ఏమీ అనలేదు.

సాయంత్రానికి ఆయన నుంచి అందరికీ కొత్త గీత వచ్చింది, ఐదు యూనిట్లు ఎడమన.

ఇంటికి చేరేసరికి అక్క ఫోను.

“ఏమే, నీ లెక్కలో తప్పు మీ బావ పట్టుకున్నారటగా. లేకపోతే ఆరు వారాలు దండగయ్యేవట. కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేయవే.”

పక్క నుంచి ఆయన గొంతు వినిపించింది. “పోనీలే, చిన్నపిల్ల.”

నాకు నలభై ఏడేళ్లు.