గల్లీలో పట్టని బండి

బండి కడగడానికి పన్నెండు బిందెల నీళ్ళు పడతాయి. పంపు ఇంటి దగ్గర, బండి ఊరి చావడి దగ్గర, మధ్యలో రెండు వందల అడుగుల గల్లీ. వత్సల నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని ఆరు విడతలు తిరుగుతుంది. ఏడింటికల్లా అద్దాలు మెరవాలి. ఏడింటికి ఆమె భర్త సర్జేరావ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి చావడి అరుగు మీద కూర్చుంటాడు. కాసేపు బండిని చూస్తాడు, కాసేపు బండిని చూసేవాళ్ళను చూస్తాడు. చక్రాల సందుల్లో మట్టి కనిపిస్తే మాత్రం భార్యను చూస్తాడు.

"వెనక చక్రం ఎవరు కడుగుతారు, మీ నాన్న వస్తాడా?"

అరుగు మీద ఉన్న నలుగురూ నవ్వుతారు. వత్సల మళ్ళీ బిందె ఎత్తుకుంటుంది.

పాత పనులేవీ తగ్గకుండా ఈ పని కొత్తగా వచ్చి చేరింది. పదమూడేళ్ళుగా వత్సల చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరకు లారీల డ్రైవర్లకు జొన్నరొట్టెలు, శనగపిండి కూర, పచ్చిమిరప దంచి చేసే ఠేచా పచ్చడి అందిస్తోంది. రోజుకు నూటఇరవై రొట్టెలు, అన్నీ చేత్తో తట్టినవే. ఇంట్లో అందరూ దాన్ని ఆమె కష్టం అంటారు, ఎప్పుడైనా మంచి మూడ్‌లో ఉంటే. ఆమెకు మాత్రం రొట్టెలు చేసే ఆ మూడు గంటలే తన సొంతం. చేతులు పిండిలో ఉన్నప్పుడు ఎవరూ టీ పెట్టమనరు, చొక్కా వెతకమనరు. రొట్టె పెనం మీద పొంగిన ప్రతిసారీ ఆమెకు లోపల ఒక చిన్న సంతోషం కలుగుతుంది. నూటఇరవై సార్లు కలుగుతుంది. చెప్పుకుంటే నవ్వుతారని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ రొట్టెల బుట్టను తన పాత స్కూటరు మీద కట్టుకుని, కొంగు బిగించి, చెరకు తోటల మధ్య నుంచి పోతుంటే తనకు నలభై రెండేళ్ళని కూడా గుర్తుండేది కాదు.

శ్రావణంలో, అన్నాలు తింటున్నప్పుడు తనే అడిగింది. "సరుకుల ఆటో ఒకటి తీసుకుందామండీ, చిన్నది. మన తలుపు దాకా వస్తుంది. రొట్టెలూ పోతాయి, అత్తయ్యను మోకాళ్ళ డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళొచ్చు."

సర్జేరావ్ ముద్ద కిందపెట్టాడు. "నన్ను ఆటోవాణ్ణి చేద్దామనుకున్నావా?"

"మీరు తోలక్కర్లేదు. నేను తోలుతాను."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆమెకు తర్వాత తెలిసింది. ఎందుకంటే అసలు సంగతి అంతకు ముందే, వైశాఖంలోనే జరిగింది. ఇచల్‌కరంజీలో సర్జేరావ్ మేనకోడలి పెళ్ళి. అక్కడి పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుని పెద్దమనుషుల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. పిలిచినవాడికి తలపాగా చుట్టి, చేతిలో కొబ్బరికాయ పెడతారు. సర్జేరావ్ పెళ్ళికూతురికి సొంత మేనమామ. మొదటి పేరు పిలిచిన దగ్గర్నుంచీ జుట్టు సవరించుకుంటూ, కుర్చీ అంచున కూర్చున్నాడు. పెద్ద పెద్ద బండ్లలోంచి దిగినవాళ్ళందరి పేర్లూ అయ్యాయి. ఊళ్ళో అందరూ సాహెబ్ అని పిలిచే పార్టీ నాయకుడి డ్రైవరుకు కూడా తలపాగా చుట్టారు. మేనమామ పేరు రాలేదు. అతను వచ్చింది భార్య స్కూటరు వెనక కూర్చుని. ఆరోజు నడుం పట్టేసి తను నడపలేకపోయాడు. "సర్జేరావ్‌ను పెళ్ళాం మోసుకొచ్చిందిరోయ్" అని గేటు దగ్గర ఎవడో అన్నాడు. వత్సలకూ నవ్వొచ్చింది, నవ్వింది. అతను నవ్వలేదు. తిరుగు దారిలో ఆమె భుజం కూడా పట్టుకోలేదు. నిజం చెప్పాలంటే ఆరోజు ఆమెకు అతని మీద చాలా జాలేసింది. ఇంటికొచ్చి అతనికిష్టమని బెల్లం పాయసం చేసింది.

దసరాకు బండి వచ్చింది. తెల్లది, ఎత్తయినది, ఏడుగురు పట్టేది. ఇంట్లో ఉన్నది ముగ్గురు. ముహూర్తం చూశారు, నంబరు చూశారు, టైర్ల కింద పెట్టడానికి నిమ్మకాయలు చూశారు. గల్లీ వెడల్పు మాత్రం ఎవరూ చూడలేదు. ముందు హల్గీ డప్పులు, వెనక బండి. అత్తగారు హౌసాబాయి గుమ్మంలో హారతి పళ్ళెం పట్టుకుని నిలబడింది. బండి చెవుల్లాంటి అద్దాలు రెండూ మడుచుకుని, గల్లీలోకి ముక్కు దూర్చి, దేశాయిల గోడ దగ్గర ఆగిపోయింది. "రానీ, రానీ" అన్నవాళ్ళే "వెనక్కి, వెనక్కి" అన్నారు. డప్పులు ఆగాయి. హారతి ఆరిపోయింది. "ఆ దేశాయిలకు ముందునుంచీ మన మీద కుళ్ళు" అంది అత్తగారు. ఆ గోడ ఆవిడ కాపురానికి రాకముందు నుంచీ ఉంది. చివరికి ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు చావడి దాకా మోసుకుపోతే, అక్కడ హారతి ఇచ్చింది.

అప్పటినుంచి బండి చావడి దగ్గరే. వారానికి రెండు మూడు సార్లు కదులుతుంది, ఏ పెళ్ళికో, ఏ మీటింగుకో. ముందు సీటు సాహెబ్ మనుషులది, వెనక సీట్లు వాళ్ళ వెంట వచ్చేవాళ్ళవి. వత్సల ఒక్కసారి ఎక్కింది, చెప్పులు చేత్తో పట్టుకుని. ఇంత ఖర్చు ఎందుకు పెట్టాడా అని ఆమె చాలా రోజులు ఆలోచించింది. కార్తీకంలో ఒక పెళ్ళిలో అతను తలుపు తెరిచి, ఒక క్షణం ఆగి, అందరూ ఇటు తిరిగాక అప్పుడు కాలు కింద పెట్టడం చూసింది. అర్థమైంది. అతను ఆ బండిని కొన్నది ఎక్కడానికి కాదు, దిగడానికి. ఆరోజు మైకులో అతని పేరు పిలిచారు. తలపాగా చుట్టుకుని అతను చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. ఆమె దూరంగా ఆడవాళ్ళ వరుసలో నిలబడి చూసింది. ఈసారి జాలి రాలేదు, భయం వేసింది.

ఆ నెలలోనే పెనం జారి ఆమె ఎడమ పాదం మీద పడింది. చర్మం ఊడి వచ్చింది. ఆమె గోడకు ఆనుకుని పళ్ళు బిగబట్టి ఉంటే, సర్జేరావ్ బయటికి పరుగెత్తాడు. బండి తీయడానికనుకుంది. ఆటో తెచ్చాడు.

"సీటు కవర్లు ఇంకా వేయించలేదు" అన్నాడు. "నెత్తురూ మందూ అంటుకుంటే పోవు."

కసిరి అన్నా బాగుండేది. వాన పడుతోందని చెప్పినంత మామూలుగా అన్నాడు. మరుసటి వారం సాహెబ్ అత్తగారికి నడుం నొప్పి వస్తే అదే ఆసుపత్రికి అదే బండిలో అతనే తీసుకెళ్ళాడు. ఆవిడ తల కింద పెట్టడానికి వత్సల దిండు తీసుకుపోయాడు.

కాలు మానీ మానకముందే ఒకరోజు స్కూటరు కనిపించలేదు.

"అమ్మేశాను" అన్నాడు. "బండికి ముందు వైపు ఇంకో రెండు లైట్లు వేయించాలి. అయినా ఇంత బండి ఉన్న ఇంటి ఆడది ఆ డొక్కు తోలుతుందా? ఎక్కడికి వెళ్ళాలన్నా నన్ను అడుగు, దింపుతా."

ఆమె అడిగింది. ఫ్యాక్టరీ గేటు దాకా. అతను వినబడనట్టు పోయాడు. అడగకుండా ఎక్కడికైనా పోగలిగే మనిషి, ఇంటికి ఏడుగురు పట్టే బండి వచ్చాక ఎక్కడికీ పోలేనిదైంది. ఆమె రొట్టెల బుట్ట నెత్తిన పెట్టుకుని, గల్లీ వెనక నుంచి చేలగట్ల మీదుగా నడవడం మొదలుపెట్టింది. కాలిన పాదంతో గంట. రొట్టెలు చల్లారిపోతున్నాయని డ్రైవర్లు ఏమీ అనలేదు. వాళ్ళు అనకపోవడం ఇంకా బాధగా ఉండేది.

నిన్న సర్జేరావ్ పొయ్యి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"రేపట్నుంచి ఇది బంద్. నెత్తిన బుట్టతో నువ్వు గట్ల మీద పోతుంటే సాహెబ్ చూశాడట. 'ఏం సర్జేరావ్, బండి మీది, రొట్టెలు ఆవిడవా' అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోను?"

"బండిలో దింపండి మరి. నెత్తిన ఎందుకు పెట్టుకుంటాను?"

"రొట్టెల వాసన పడుతుంది బండికి."

"మీరు మూడు పూటలా తినేవి అవే" అంది వత్సల.

అతను గడ్డపార తెచ్చాడు. ఆమె తనే మట్టి తొక్కి వేసుకున్న పొయ్యి, ప్రతి శనివారం అలుక్కునే పొయ్యి, మూడు దెబ్బలకు కూలిపోయింది. నిప్పులు నేల మీద దొర్లాయి. పెనం మీది రొట్టె అప్పుడే పొంగుతోంది. అత్తగారు గడపలో నిలబడి చూసింది. సర్జేరావ్ చొక్కా మీద పడిన బూడిద దులుపుకున్నాడు.

"ఇంక హాయిగా కూర్చో, పెద్దింటి ఆడవాళ్ళలాగా."

ఎక్కడ కూర్చోవాలో అతను చెప్పలేదు. బండిలో చోటు లేదు, ఇంట్లో పొయ్యి లేదు.

ఈ ఉదయం వత్సల పంపు దగ్గరికి వెళ్ళలేదు. జొన్నపిండి బస్తా, పిండి కలిపే కొయ్య పళ్ళెం, కాలు కాలాక కొన్న కొత్త పెనం ఒకచోట పెట్టింది. అత్తగారు మంచం మీద నుంచి లేచి కూర్చుంది.

"ఎక్కడికే?"

"శేవంతా పిన్ని వసారాకు. ఫ్యాక్టరీ రోడ్డు మీదే కదా. పొయ్యి వేసుకోమంది. కావలిస్తే అక్కడే పడుకోమంది."

హౌసాబాయి మోకాలు రుద్దుకుంది. "కొత్త పెనానికి రొట్టె అంటుకుంటుంది" అంది. "నా పాతది పట్టుకుపో."

గల్లీ చివర రెండు దారులున్నాయి. వెనక దారి చేలగట్ల మీదికి పోతుంది. వత్సల చావడి వైపు నడిచింది.

ఏడయింది. అరుగు మీద మనుషులు నిండుగా ఉన్నారు. కడగని బండి దుమ్ము పట్టి నిలబడి ఉంది. ఆమెను, నెత్తిన బస్తాను, చంకన ఉన్న పళ్ళేన్ని, చేతిలోని నల్లటి పెనాన్ని చూసి అందరూ ఇటు తిరిగారు. సర్జేరావ్ గబగబా దిగి వచ్చాడు.

"వెనక దారి లేదా నీకు?" అన్నాడు పళ్ళ మధ్య నుంచి. "జనం చూస్తున్నారు."

"చూడనివ్వండి. జనం చూడాలనేగా ఇంత పెద్దది కొన్నారు."

అతని చెయ్యి లేవబోయి, అరుగు గుర్తొచ్చి ఆగిపోయింది. వత్సల పాదం మండుతోంది. నెత్తిన బస్తా ఒక పక్కకు జారుతోంది. ఆమె రెండడుగులు వేసి బస్తాను బండి ముందు భాగం మీద దించింది. పక్కన కొయ్య పళ్ళెం పెట్టింది, దాని పక్కన అత్తగారి పెనం.

"గీతలు! గీతలు పడతాయే!"

ఆమె తొందరపడలేదు. కొంగు దోపుకుంది, చుట్టకుదురు సరిచేసుకుంది, ఊపిరి పీల్చుకుంది. తర్వాత బస్తా నెత్తికెత్తుకుని, పళ్ళెం చంకన పెట్టుకుని, పెనం అందుకుని ఫ్యాక్టరీ రోడ్డు పట్టింది. దసరా నాటి నుంచి ఆ బండి ఆమె నెత్తి మీది బరువు మోసింది అంతసేపే.