తడి రాళ్ళు

మేడ మీద ఎర్రటి ఎండలో సువర్చలక్క పీట వేసుకుని కూర్చుని, చేపల తొట్టెలోని నల్ల రాళ్ళను తువ్వాలు మీద ఆరబెట్టుకుంటూ ఉంది, పోయి ఏడాది దాటిన మనిషి ఇక్కడేం చేస్తోందని నాకు తోచనే తోచదు, నెత్తి మీద కొంగైనా కప్పుకోకుండా కూర్చుందేమిటని విసుగు మాత్రం వస్తుంది. ఒక్కో రాయినీ ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించి, పక్కన పెడుతోంది.

"ఎన్నిసార్లు కడిగావే వీటిని?"

"మూడుసార్లు," అంటాను. కడిగింది ఒక్కసారే. నా నోరు పడిపోను, అబద్ధం ఎప్పుడూ నాలుక చివరే ఉంటుంది.

"ఫోన్లో చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదే చిట్టీ. బ్లీచింగ్ నీళ్ళలోంచి తీశాక బాగా కడుగు, క్లోరిన్ విరుగుడు చుక్కలేసిన నీళ్ళలో ఇంకో రోజు నానబెట్టు, ఆ పైన పొడిపొడిగా ఎండనియ్యి, ముక్కుకి ఏ వాసనా తగలకపోతేనే తొట్టెలో వెయ్యి అని. ఇవి బొక్కల రాళ్ళే తల్లీ, బ్లీచింగ్‌ని లోపల దాచుకుంటాయి."

"అలాగే చేశానక్కా."

మేడ మెట్లు దిగుతున్నామనుకుంటాను, అవి తిన్నగా ఆసుపత్రి వరండాలోకి దిగుతాయి, వరండా నిండా మోకాలి లోతు నీళ్ళు, అక్క మంచం ఆ నీళ్ళలో మెల్లగా కదులుతోంది, పట్టుకుని నడుస్తున్నాను. ఇక్కడ ఆమె పది రోజులున్నప్పుడే నేను ఇంట్లో రాళ్ళకు పట్టిన నాచు బ్లీచింగ్ వేసి వదిలించాను. వచ్చేసరికి తొట్టె తళతళలాడాలని, శభాష్ అనిపించుకోవాలని తొందరపడి తడి రాళ్ళే వేసేశాను. తెల్లారేసరికి ఆరు గోల్డ్ ఫిష్‌లూ వెల్లకిలా తేలాయి. నీళ్ళు మార్చి, ఆ రాళ్ళు పారేసి, ఇంచుమించు అంతే ఉన్న ఆరు చేపల్నీ కొత్త రాళ్ళనూ కొనుక్కొచ్చి వేసి, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

"ఇంటికొచ్చిన రోజు అద్దానికి వేలు ఆనించి పిలిచాను," అంటుంది అక్క. "ఒక్కటీ రాలేదే. ఎనిమిదేళ్ళు నా వేలి వెంట తిరిగినవి."

"అదీ..."

"మందులకి మొహం బూరెలా ఉబ్బిపోయింది కదా నాకు. చేపలు కూడా గుర్తుపట్టనంత మారిపోయానా అని అడిగాను నిన్ను. ఏమన్నావ్?"

తల ఎత్తలేకపోతున్నాను. "మెల్లగా అలవాటవుతాయిలే అన్నాను."

ఆ మాట అన్న నాటి నుంచి అక్క అద్దం చూసుకోలేదు. పలకరించడానికి ఎవరొచ్చినా గోడవైపు తిరిగి పడుకునేది. పోయే దాకా అలాగే ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది, నాలుగు తిట్లు తిట్టి నవ్వేసేది కూడా. ఆ నాలుగు తిట్లకు భయపడ్డాను. ఛీ, ఏం మనిషిని నేను.

"ఇది ఎండిందేమో చూడవే," అంటూ ఓ రాయి నా చేతిలో పెడుతుంది, మంచం అప్పటికే వరండా చివరి మలుపు దగ్గరికి వెళ్ళిపోతోంది, "అక్కా, నీ మొహం ఏం మారలేదు, అవి నీ చేపలు కావు, నీ చేపల్ని నేనే చంపేశాను" అని కేక పెట్టబోతాను, నోట్లోకి నీళ్ళు వచ్చేస్తాయి, ఘాటైన బ్లీచింగ్ నీళ్ళు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంటుంది.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం మూడున్నర. దిండు తడిసిపోయింది. లేచి తొట్టె దగ్గరికి వెళ్తే అద్దంలో నా మొహమే కనబడింది, ఏడ్చి ఏడ్చి కళ్ళూ బుగ్గలూ వాచిపోయి, నేనే గుర్తుపట్టలేనట్టు ఉంది. అద్దానికి వేలు ఆనించాను. ఆరు చేపలూ గబగబా వచ్చేశాయి.