అయిదో ఫారం

విచారణ ఆదివారం. తీర్పు మాత్రం మంగళవారమే వచ్చేసింది.

మేనేజరు బైండింగు హాలు తలుపుకు లోపలినుంచి గడియ పెట్టి, బల్లమీద ఒక పాఠ్యపుస్తకం విసిరాడు.

"అరవై అయిదో పేజీనుంచి ఎనభై దాకా పీకెయ్యండి. అన్ని పుస్తకాల్లోనూ. చదవక్కర్లేదు, పీకితే చాలు."

నలభై మంది ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వారం కిందట ఆ పుస్తకాలు కుట్టింది వాళ్ళే. పదహారు పేజీల మడతను ఫారం అంటారు. ఫారం మీద ఫారం పేర్చి వీపున దారం పోస్తే పుస్తకం. ఇప్పుడు పీకమంటున్నది అయిదో ఫారం. సర్కారు బడుల్లో ఈ ఏడాది తప్పనిసరి చేసిన పాఠం అందులోనే ఉంది. ఒంటి గురించి, ఎదిగే వయసు గురించి, ఎవరి చెయ్యి ఎక్కడ పడకూడదన్న దాని గురించి. పసివాళ్ళకు బూతులు నేర్పుతారా అని పెద్దమనుషులు గోల పెట్టారు. ఆదివారం అందరి మాటా వింటామంది సర్కారు. వినకముందే పీకుడు మొదలుపెట్టించింది.

"అయ్యా, మధ్య ఫారం దారం తెంపితే అటూ ఇటూ ఉన్నవి జారిపోతాయి. పుస్తకం నిలవదు," అంది సూదమ్మ. ముప్పై ఏళ్ళుగా కుట్టు బల్ల వదలని ఆ మనిషికి వేరే పేరుందన్న సంగతి కూడా హాల్లో ఎవరికీ గుర్తులేదు.

"గమ్ము రాయి. నిలిస్తే నీకేం, నిలవకపోతే నీకేం? చదివేది ఆ బడుల పిల్లలేగా!"

పీకారు. ఏం చేస్తారు మరి! మధ్యాహ్నానికి అయిదో ఫారాలు గోడవారన నడుమెత్తు గుట్టపడ్డాయి. మేనేజరు బూట్లు వరసల మధ్య తిరుగుతూనే ఉన్నాయి. ఫోను మోగి అతను బయటికెళ్ళాక, మడత బల్ల దగ్గరి కళ్ళజోడు పిల్ల ఒక ఫారం తెరిచి గొంతు తగ్గించి చదివింది.

"'ఇది మనిద్దరి మధ్యే ఉండాలి అని ఎవరైనా అంటే, అది దాచాల్సిన మాట కాదు. నువ్వు నమ్మిన పెద్దవాళ్ళకు చెప్పు. వాళ్ళు వినకపోతే ఇంకొకరికి చెప్పు. వినేవాళ్ళు దొరికేదాకా చెబుతూనే ఉండు. తప్పు నీది కాదు.'"

"ఇందులో బూతెక్కడ ఏడిసిందే?" అంది గమ్ము రాసే ఆవిడ. "బూతులే కావాలంటే మన మేనేజరు నోరు లేదూ!"

అందరూ కిసుక్కుమన్నారు. సూదమ్మ నవ్వలేదు. ఆవిడకు అంకెలు వచ్చుగానీ అక్షరాలు రావు. ఆ పేజీల మీద అరవై అయిదు, అరవై ఆరు అనే చూసింది ఇన్నాళ్ళూ. అందులో తన ఇంటి సంగతే ఉందని ఎవరు చెప్పారు గనక?

రెండు నెలల కిందట మనవరాలు అంది, "అమ్మమ్మా, ట్యూషన్లో అందరూ వెళ్ళాక మాస్టారు నన్నొక్కదాన్నే ఉండమంటాడు." తల్లి లేని పిల్ల, అయిదో తరగతి. "చదువు ఎగ్గొట్టడానికి పెద్దవాళ్ళ మీద చాడీలా?" అని చెంప ఛెళ్ళుమనిపించింది సూదమ్మ. ఆ రోజునుంచి పిల్ల నోట్లో మాట లేదు. ఆ మాస్టారు జేబులో ఎప్పుడూ పిప్పరమెంట్లు ఉంటాయి. పిల్లలకు పంచుతాడు కాబట్టి అందరూ బిళ్ళల మాస్టారంటారు. పాఠం వద్దని గోల పెట్టిన కమిటీకి కార్యదర్శి కూడా ఆయనే. కంచే చేను మేసింది, నేను చేను నోరు నొక్కాను అనుకుంది సూదమ్మ.

సాయంత్రం ఇంటికెళ్ళి పిల్ల పక్కన కూర్చుంది. "చెప్పు తల్లీ. ఈసారి వింటాను."

"కొడతావుగా," అని పిల్ల గోడవైపు తిరిగింది.

శుక్రవారం మేనేజరు ఇంకో కబురు తెచ్చాడు. ఆదివారం విచారణకు అందరినీ లారీలో తీసుకెళ్తారు. ప్రెస్సు యజమానే ఆ కమిటీకి పెద్దాయన, విచారణా ఆయన చేతిలోనే. ఆయన "పాఠం వద్దు అనేవాళ్ళెవరు?" అని అడగ్గానే తల్లులుగా చేతులెత్తాలి. ఎత్తని చేతికి సోమవారం పనిలేదు.

అన్నాల వేళ గొడవైంది. "మనకెందుకొచ్చిన తంటా? నాకిద్దరు ఆడపిల్లలు, పని పోతే పస్తులు," అంది ఒకావిడ.

"ఇద్దరున్నారనే అడుగుతున్నా," అంది సూదమ్మ. "వాళ్ళు నీతో ఏదైనా చెప్పబోతే నువ్వేం చేశావు?"

ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయింది. "నోర్ముయ్యమన్నాను," అంది.

"ఒక్కదాన్ని పీకితే ఎవరికీ పట్టదు," అంది గమ్ము రాసే ఆవిడ. "నలభై మందినీ పీకితే మాత్రం వాడి ప్రెస్సు నిలవదు."

ఆ సాయంత్రం ఒక్కొక్కరి క్యారేజీ సంచిలో ఒక్కో అయిదో ఫారం బయటికి నడిచింది.

ఆదివారం బడి హాలు రెండు తలుపుల దగ్గరా పోలీసులున్నారు. లోపలికి వెళ్ళేటప్పుడు ఎవరూ ఆపలేదు. ఆపేది బయటికొచ్చేటప్పుడేమోనని సూదమ్మకు భయమేసింది. ఇంట్లో ఒంటరిగా వదల్లేక మనవరాల్ని వెంట తెచ్చుకుంది. పిల్ల వేదిక వైపు ఒక్కసారి చూసి, అమ్మమ్మ వెనక దాక్కుంది.

వేదిక మీద బిళ్ళల మాస్టారు అర్జీ చదివాడు. "మన పిల్లలు అమాయకులు. వాళ్ళ అమాయకత్వాన్ని మనమే కాపాడాలి." ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. పెద్దాయన లేచాడు. "పాఠం వద్దు అనేవాళ్ళు చేతులెత్తండి."

నలభై మంది చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. సూదమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, నాకు అక్షరం ముక్క రాదు. ఒక పసిది ఒక మాట చెప్పబోతే చెంప పగలగొట్టిన పాపిష్టిదాన్ని. ఈ పాఠం పిల్లలకంటే ముందు నాబోటి వాళ్ళకు చెప్పండి. పీకెయ్యకండి."

"అబద్ధం!" బిళ్ళల మాస్టారు దిగ్గున లేచాడు. "ట్యూషన్ ఎగ్గొట్టే పిల్లలు చెప్పే కథలు పట్టుకుని పెద్దమనుషుల్ని అంటావా?"

ముందు వరసలు వెనక్కి తిరిగి చూశాయి.

"మాస్టారూ," అంది సూదమ్మ, "నేను ట్యూషన్ అన్నానా?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడ్రోయ్!" గమ్ము రాసే ఆవిడ గొంతు హాలు దద్దరిల్లేలా లేచింది. వెనక బెంచీలోంచి ఎవరో తల్లి లేచింది. "మా పాపా వెళ్ళనని ఏడుస్తోంది, బద్ధకమనుకున్నా!" ఇంకొకామె లేచింది. ఒకతను కుర్చీ తన్నేసి వేదికవైపు నడిచాడు. పెద్దాయన ఇనస్పెక్టరుకు కనుసైగ చేశాడు.

పోలీసులు వేదిక ఎక్కలేదు. సూదమ్మ రెక్క పట్టుకున్నారు. ఆవిడ సంచిలోంచి ఫారం లాగి, "దొంగసొత్తు!" అన్నాడు ఇనస్పెక్టరు. మాస్టారిని పక్క తలుపులోంచి జాగ్రత్తగా పంపించేశారు. మన లోకంలో చట్టానికి కళ్ళు బాగానే కనిపిస్తాయి, ఎటు చూడాలో పెద్దాయన చెప్పాలి, అంతే.

సూదమ్మను జీపు వెనక ఎక్కించి తలుపు వేశారు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.

"ఆగండి!" కళ్ళజోడు పిల్ల జీపుకు అడ్డంగా నిలబడి సంచిలోంచి తన ఫారం తీసింది. మధ్యలో ఒక్క కుట్టు వేసి ఉంది. ఫారానికి నడుమన ఒక్క కుట్టు పడితే అదే పుస్తకం. బైండింగు చేసేవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. "ఆవిడ దొంగైతే మేమూ దొంగలమే. ఎక్కించుకోండి!"

ముప్పై తొమ్మిది చేతులు లేచాయి, ముప్పై తొమ్మిది పుస్తకాలతో. లాఠీలూ లేచాయి. ఒకటి కళ్ళజోడు పిల్ల భుజం మీద పడింది. కళ్ళజోడు కింద పడి పగిలింది. పిల్ల కదల్లేదు.

ఆ కాళ్ళ మధ్యనుంచి మనవరాలు దూరి వచ్చి జీపు కిటికీ ఊచలు పట్టుకుంది.

"అమ్మమ్మా, చెప్తాను."

"ఇక్కడా? ఇంతమందిలోనా తల్లీ?"

"నిన్ను తీసుకెళ్ళిపోతే ఎవరికి చెప్పాలి?"

ఆ మాట గమ్ము రాసే ఆవిడ చెవిన పడింది. "ఇంజను ఆపరా!" అని డ్రైవరు మీద అరిచింది. "పసిది మాట్లాడుతోంది, వినపడొద్దూ?" తర్వాత ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని జీపు చుట్టూ చేరారు. పిల్లకు వీపులు పెట్టి, లాఠీలకు మొహాలు పెట్టి నిలబడ్డారు. తమ వెనక పిల్ల ఏం చెబుతుందో వినడం వాళ్ళ పని కాదు. చెప్పనివ్వడం వాళ్ళ పని.

డ్రైవరు ఇనస్పెక్టరు వైపు చూశాడు, ఆ వీపుల వైపు చూశాడు. తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

సూదమ్మ ఊచల్లోంచి చెవి ఒగ్గింది. "చెప్పు తల్లీ," అంది.