నీలి పొగ నేత

కోరుట్లల ఎహసాన్ మెకానిక్ షెడ్డు తెరువంగనే మొదటి పని, వాళ్లమ్మ గౌసియాబీ దండెం కట్టుడు. దండెం లేకుంటే షెడ్డు నడువది మరి! ఎహసాన్ చెయ్యి పడ్డ ఏ కారుకైనా సైలెన్సర్ల నుంచి పొగ గుడ్డ లెక్క వస్తది. గౌసియాబీ దాన్ని రెండు చేతుల మీదికి తీసుకొని, ఓసారి దులిపి, దండెం మీద ఆరేస్తది. తెల్లగుంటే ఇంజన్లకు నీళ్లు దిగుతున్నట్టు. నల్లగుంటే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. నీలంగుంటే ఆయిల్ కాలుతున్నట్టు. నల్లయి చేతులు తుడుసుకోను పనికొస్తయి, తెల్లయి పక్క హోటల్ ఖాలిద్ కిటికీలకు కట్టుకుంటడు.

ఆ శనివారం పొద్దుగాల సిరిసిల్ల నుంచి భాగ్య తన పాత కారు తోలుకొని వచ్చింది. వచ్చుడు వచ్చుడే, "ఎహసాన్ భాయ్, సూడు నీ పనితనం!" అని ఒక్కసారి రేస్ ఇచ్చింది. వామ్మో! ఇరవై గజాల నీలి గుడ్డ! గౌసియాబీకి చేతులు సాలక మెడల గూడ ఏసుకున్నది.

"ఏం బిడ్డా, ఎవరి పెండ్లికి తెచ్చినవ్ గీ తాను?"

భాగ్యకు నవ్వు రాలే. ఆమె పదేండ్లు సిరిసిల్లల సాంచాల మీద బట్ట నేసింది. దుమ్ముకు దగ్గి దగ్గి, ఆ పని ఇడిసి డ్రైవింగ్ నేర్చుకున్నది. నెల కిందనే ఈ కారు ఇంజన్ మొత్తం ఎహసాన్ తోని విప్పించి, బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు, కొత్త రింగులు ఏయించుకున్నది. సోమవారం నుంచి రాజలక్ష్మి మేడంను, ఇంకో ముగ్గురు టీచర్లను రోజూ కథలాపూర్ బడికి తీస్కపోవాలె. మొన్న మేడం కారు సూడ వస్తే నీలి గుడ్డ పోయి ఆమె నెత్తి మీద పడ్డది. నెత్తంత ఆయిల్ వాసన! "సోమవారం గూడ గిట్లనే ఉంటే డ్రైవర్ యాదగిరి కారు మాట్లాడుకుంటం" అని తెగేసి చెప్పింది.

"ఇది పోతే నేను మళ్ల సాంచాల కాడికే భాయ్."

"ఆగు చెల్లె, సూడనియ్యి. పొద్దుగాల స్టార్ట్ చేసినప్పుడు ఓసారి వచ్చి ఆగుతదా?"

"ఏడాగుతది? ఎంత తొక్కితే అంత వస్తది."

"గట్లయితే పైన వాల్వ్ సీళ్లు కాదు. కింద రింగుల కాడనే కథ."

ప్లగ్గులు తీసి మీటర్ పెట్టి సూసిండు. నాలుగు సిలిండర్లల్ల గాలి ఒత్తే దమ్ము ఒక్క తీరుగ కొద్దిగ తక్కువున్నది. రింగు ఇరిగితే ఒక్క దాంట్లనే తక్కువుండాలె గదా! ఎహసాన్ తల గోక్కున్నడు. మళ్ల ఇంజన్ విప్పితే నాలుగు రోజులు. సోమవారం మాట ఇంక మర్చిపోవుడే.

భాగ్య ఊరికె నిలవడలేక దండెం మీది నీలి గుడ్డను ఎండకు పట్టి సూసింది. రెండు వేళ్ల నడుమ నలిపింది.

"భాయ్, పోగు ఏడ తెగలే. పడుగు మంచిగున్నది. పేకకే దెబ్బ సాలలే. సాంచాను మరీ మెల్లగ నడిపితే బట్ట గిట్లనే జాలిజాలిగ వస్తది. గట్టిగ కొడ్తెనే పోగు పక్కన పోగు కూసుంటది."

ఎహసాన్ పానా కింద పడేసిండు. "నెల దినాలు బండి ఎట్ల తోలినవ్?"

"బాలింత లెక్క సూసుకున్న!" అన్నది భాగ్య గర్వంగ. "ముప్పై దాటనియ్యలే. రోజూ అర్ధగంట వాకిట్ల నిలవెట్టే నడిపిన. ఎత్తు రోడ్డు ఎక్కనియ్యలే."

"యా అల్లా! కొత్త రింగులు సిలిండర్ గోడకు ఒరుసుకోవాలె చెల్లె. జోరుగ లాగితెనే ఒరుసుకుంటయి. గింత ముద్దు చేస్తే గోడ అద్దం లెక్క నున్నగయితది, ఆయిల్ పైకి జారి కాలుతది. నేను గూడ చెప్పకపోతి, తప్పు నాదే. ఇంకా పూర్తిగ అద్దం కాలేదేమో. పా, ఎక్కు!"

బరువు కావాలె గదా, గౌసియాబీ ముందల కూసున్నది. ఎనుక ఎహసాన్, ఖాలిద్, ఖాలిద్ తమ్ముడు. ఆ అన్నదమ్ములు ఇద్దరే నలుగురి పెట్టు! కథలాపూర్ రోడ్డు పట్టిండ్రు.

"మూడో గేర్ల తొక్కు! ఇప్పుడు కాలు తియ్యి, మెల్లగ కానియ్యి. మళ్ల తొక్కు!"

"ఇంజన్‌కు నొస్తది భాయ్!"

"నియ్యవ్వ, తొక్కమంటే తొక్కు!" ఇది అన్నది ఎహసాన్ కాదు, గౌసియాబీ.

రోడ్డు పొంటి పొలాల మీద నీలి గుడ్డ రెపరెప ఎగిరింది. మొదలు చెద్దరంత మందం. కథలాపూర్ దాటినంక లుంగీ అంత. ఆదివారం జగిత్యాల దాక పోయి మర్లంగ దోమతెర అంత పల్చన. కోరుట్ల మొగదలకు వచ్చేసరికి ఒక్కటే పోగు! భాగ్య దిగి, సాంచాల కాడి నుంచి తెచ్చి డాష్‌బోర్డుల పెట్టుకున్న ఖాళీ కండె తీసి ఆ పోగును సుట్టుకుంట పోయింది. సుట్టంగ సుట్టంగ కొస వచ్చింది. ఆ కండెను అద్దానికి ఏలాడదీసింది.

సోమవారం పొద్దుగాల రాజలక్ష్మి మేడం కారు ఎనుక గొడుగు తెరుసుకొని నిలవడ్డది. భాగ్య రేస్ ఇచ్చింది. ఇంకోసారి ఇచ్చింది. మేడం గొడుగు పక్కకు వంచి పైకి సూసింది. ఆకాశం తప్ప ఏం లేదు. గొడుగు మూసి ముందు సీట్ల కూసున్నది.

"బెల్లు టైం అయితుంది భాగ్యా, మెల్లగ పోకు మరి."

"మెల్లగ పోవుడు మొన్ననే ఇడిసిపెట్టిన మేడం" అని భాగ్య గేరు ఏసింది.