ఇతరాల అర

బస్సుల వర్క్‌షాపులో విడిభాగాల స్టోర్ నాది. ఇరవై రెండేళ్లుగా అదే కౌంటరు. ఎనిమిదో తరగతి గడప దాటనివాణ్ని కాబట్టి ఏది చెడినా తప్పు నాదే. కొత్త కంప్యూటర్లో పార్టు పేరు కొడితే జవాబు రావడానికి నాలుగు నిమిషాలు. బయట మెకానిక్కుల బూతులు.

"శుక్రవారానికి ఇది దారికి రాకపోతే గేటు దగ్గర కూర్చుందువుగాని" అన్నాడు మేనేజరు. గేటంటే ఎండలో స్టూలు, వచ్చేపోయే బండ్ల నంబర్లు రాసుకోవడం.

మా మేనకోడలు పనిచేసేది ఆ కంప్యూటర్లో సరుకు వెతికిపెట్టే డేటాబేస్ తయారుచేసే కంపెనీలోనే. బుధవారం మా ఫిర్యాదు పట్టుకుని తనే వచ్చింది.

"మామయ్యా, దీన్లో ప్లానర్ అని ఒకటుంటుంది. ఏ దారిన వెతకాలో ముందే అంచనా వేసుకుంటుంది. రెండొందల అరల్లోనూ సరుకు సమానమే అనుకుని, ఈ అరలో ఏ ఆరొందలో ఉంటాయిలే, ఒక్కొక్కటే చూద్దాం అంటోంది."

"మీ ప్లానర్ మా మేనేజరుకు తమ్ముడా ఏంటి? ఆయనా స్టోర్లో కాలు పెట్టకుండానే అంచనాలేస్తాడు."

నవ్వి, "ఏ అరైనా మరీ కిక్కిరిసిపోయిందా?" అంది.

పాత రిజిస్టరు కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు అరల జాబితా చాంతాడంత ఉండేది. విసుగొచ్చి సగం సరుకు 'ఇతరాలు' కింద తోసేశాను. ఏదెక్కడుందో నాకెలాగూ తెలుసు. ఇప్పుడు చెబితే గేటు ఖాయం. చెప్పకపోతే ఈ పిల్ల చీకట్లో తడుముకుంటూనే ఉంటుంది.

"ఇతరాల్లో అరవై వేలు" అన్నాను.

మేనేజరు గుమ్మంలోనే ఉన్నాడు. "ఇంటి దొంగ దొరికాడు!"

"అసలు దొంగ మా కంపెనీలోనే ఉన్నాడండీ" అంది మేనకోడలు. "ఏ అర కిక్కిరిసిందో ప్లానర్ లెక్క రాసిపెట్టుకుంటుంది. సరుకు పట్టిక, అరల పట్టిక రెండూ కలిపి వెతికేటప్పుడు మాత్రం ఆ లెక్క చూడటం మర్చిపోతోంది. నెల్లాళ్లుగా నలుగురం తలలు బద్దలు కొట్టుకుంటున్నాం. మేం పరీక్షలకు వాడే ఉత్తుత్తి సరుకంతా ఎక్కడిదక్కడ పద్ధతిగా సర్ది ఉంది మరి, తప్పు దొరికితేగా!"

రెండు రోజులు కూర్చుని సరిచేసింది. శుక్రవారం పొద్దున ఒక మెకానిక్కు క్లచ్ ప్లేటు అడిగాడు. మీట మీంచి వేలు తీసేలోపే జవాబు.

"ఇక మా పరీక్షలకు నీ సరుకు జాబితానే వాడతాం మామయ్యా. ఇంత గందరగోళం మేం తయారుచేయలేం."

మేనేజరు తెర వంక చూశాడు, నా వంక చూశాడు. "గేటుకు వేరే మనిషిని చూస్తాలే" అని గొణిగి వెళ్లిపోయాడు.

మెకానిక్కు చేతిలో ప్లేటు పెట్టి, "తర్వాతెవరు?" అని కేకేశాను.