ఎనభై రెండేళ్ళ లెక్క

మిలింద్ రాణడే చేసిన తప్పు చూడ్డానికి చిన్నదే. జనం కిక్కిరిసిన లిఫ్టులో, అందరూ వింటుండగా, ఒక మనిషిని ఎప్పుడు చస్తావని అడిగాడు.

అది జరిగి రెండేళ్ళు. ఈ ఉదయం కూడా శాంతారాం ఖేడేకర్ అదే లిఫ్టు ఇనుప మడతగేటును భుజంతో తోసి మూస్తున్నాడు. చేతి బలం సరిపోవడం మానేసి చాలాకాలమైంది. లిఫ్టు నడిపే ఇత్తడి పిడి పట్టీ పట్టీ అరచేతి నడుమ పసుపురంగు కాయ కాసింది. ఖాకీ చొక్కా మోచేతుల దగ్గర భార్య సునంద వేసిన అతుకులు. ఫోర్టు ప్రాంతంలోని ఆ పాత మేడలోనే అతని ఉద్యోగమంతా గడిచింది. రిటైరయ్యాక కాంట్రాక్టు మీద, సగం జీతానికి, మళ్ళీ అదే పిడి.

మిలింద్ నాలుగో అంతస్తులో మ్యూచువల్ ఫండ్ల ఏజెంటు. రిటైరైనప్పుడు వచ్చిన ఇరవై ఒక్క లక్షలు శాంతారాం అతని చేతే ఫండులో పెట్టించాడు. రెండేళ్ళ కిందట ఆ రోజు లిఫ్టులో, నెలకు ఎంత తీసుకోవచ్చో చూడ్డానికి మిలింద్ ఫోన్ తీసి, "కాకా, ఎన్నేళ్ళదాకా ఉంటారని వేయను?" అన్నాడు.

శాంతారాం పిడి తిప్పి మూడో అంతస్తు దాటించాడు.

"ఎనభై రెండు."

"అబ్బో! మీ నాన్న అరవైకే పోయాడన్నారుగా?"

"నాకు కాదు, సునందకి. వాళ్ళమ్మ అంతదాకా ఉంది."

"భలే మొగుడివయ్యా, పెళ్ళాం ఆయుష్షు మీద పింఛనా!" అన్నాడు రెండో అంతస్తు గుమాస్తా. లిఫ్టంతా నవ్వింది.

సునంద అతనికన్నా పధ్నాలుగేళ్ళు చిన్నది. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయితేగాని అతనికి పెళ్ళి కాలేదు. పిల్లలు లేరు. డబ్బు ఆమె ఎనభై రెండో ఏటిదాకా రావాలి, ధరలతోపాటు ఏటా పెరగాలి అంటే నెలకు తీసుకోగలిగింది ఆరు వేలే. వాళ్ళుండే లాల్‌బాగ్‌లో ఆరు వేలకు ఇద్దరు బతకలేరు. అందుకే పిడి వదల్లేదు.

ఈ పొద్దున బయల్దేరుతుంటే సునంద అన్నం డబ్బా చేతికిస్తూ, "ఈ వేసవికైనా మా ఊరు తీసుకెళ్తారా?" అంది.

"వచ్చే ఏడు."

"మీ వచ్చే ఏడు ఏ అంతస్తులో ఆగిపోయిందో!"

పదింటికి మిలింద్ లిఫ్టెక్కాడు. "కాకా, మీకు డెబ్బై ఆరు వేసి చూశా. నెలకు పదిహేను వేల మూడు వందలు. హాయిగా ఇంట్లో కూచోండి."

"నేను పోయాక అదేం తింటుంది, నీ లెక్కా?"

"అప్పటి సంగతి అప్పుడు."

"అప్పుడు నేనుండనురా నాయనా."

మధ్యాహ్నం డబ్బా మూత తీస్తుండగా పక్కింటి మందాకిని ఫోన్ చేసింది. "దాదా, ఒకసారి వచ్చెయ్యండి. వదిన పడుకుని లేవడం లేదు."

పైన ఆగిన వాళ్ళను కిందికి దించి, గేటు మూసి, అప్పుడు వెళ్ళాడు. వెళ్ళేసరికి ఆడవాళ్ళు ఆమె తల దువ్వి, పచ్చగాజులు తొడిగి, నుదుటి నిండా కుంకుమ పెట్టారు. "అదృష్టవంతురాలు, మొగుడి ముందే ముత్తైదువుగా పోయింది" అన్నారు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

పదమూడో రోజు మిలింద్ వచ్చాడు. చెప్పులు గడప బయట విడిచి లోపలికొచ్చి కూర్చున్నాడు. లేవబోతూ మెల్లగా, మంచి మనసుతోనే అన్నాడు.

"కాకా, ఇక పనికి వెళ్ళక్కర్లేదు. ఇప్పుడు ఒక్కరి లెక్కేగా. పదిహేను వేల మూడు వందలు తీసుకోవచ్చు."

శాంతారాం కిటికీ వైపు చూస్తున్నాడు. పులుసులోకని సునంద గట్టు మీద పేపరు పరిచి ఎండేసిన పుల్లటి కోకం పండ్ల తొక్కలు ఇంకా అక్కడే ఉన్నాయి. సగం తిరగేసినవి. తిరగేయని సగం పేపరుకు అంటుకుపోయాయి.